మంత్రి గారూ, మిర్చికి కలర్ మిషన్ కొనేముందు ఒక్క మాట

వ్యవసాయ, మార్కెటింగ్ శాఖ మంత్రి గారికి నమస్కారం అండి.

నేను పల్నాడు వైపు మిరప రైతు కొడుకుని. ఉద్యోగం మాత్రం హైదరాబాద్ లో ఒక పెయింట్ల కంపెనీ ల్యాబ్ లో, అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా పని రంగుని నంబర్ గా మార్చటమే. అందుకే యార్డుల్లో గ్రేడింగ్ కి మిషన్లు రావాలి, కెమెరా పెడితే అదే చెప్పేస్తుంది అని ఎవరన్నా మాట్లాడితే నాకు ఒక పక్క సంతోషం, ఒక పక్క భయం. సంతోషం ఎందుకో మిరప రైతుకి చెప్పక్కర్లేదు. భయం ఎందుకో చెప్దామనే ఈ లెటర్, కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మొన్న సీజన్ లో నాన్నతో పాటు సరుకు వేసుకుని ఒక యార్డుకి వెళ్లా. ఏ యార్డో రాయను, మళ్లీ అక్కడే అమ్ముకోవాలి కదా. తేజ రకం, ఒకే కళ్లంలో ఆరి ఒకే రోజు తొక్కిన టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు. పొద్దున ఒక బయ్యర్ వచ్చి టిక్కీ మూతి విప్పి గుప్పెడు కాయలు తీసి, రెండు విరిచి చూసి, బెస్ట్ అన్నాడు, రేటు దగ్గర మాత్రం కుదర్లేదు. మధ్యాహ్నం ఇంకొకాయన వచ్చి అదే టిక్కీలో చెయ్యి పెట్టి చూసి, మీడియం, కలర్ తగ్గింది అన్నాడు. నాలుగు గంటల్లో ఏం తగ్గుద్ది అండి కలర్? తర్వాత ఆలోచిస్తే అర్థమైంది, పొద్దున టిక్కీలు షెడ్డు బయట ఎండలో ఉన్నాయి, మధ్యాహ్నానికి మబ్బు పట్టిందని లోపలికి లాగి పైన నీలం పట్టా కట్టారు. నీలం వెలుగులో ఎర్ర కాయ నల్లగా మాడినట్టే కనపడుద్ది, అందులో ఆయన మోసం ఏమీ లేదు, ఎవరి కళ్లయినా అంతే. క్వింటాకి ఎనిమిది వందలు తగ్గించి ఇచ్చాం. నాన్న ఏమీ అన్లేదు, టీ తాగుదాం పద అన్నాడు.

ఆ కోపంలో ఒక కవర్ నిండా కాయలు తెచ్చి ల్యాబ్ లో రంగు కొలిచే మిషన్ కింద పెట్టా. మిషన్ అయితే మబ్బూ పట్టా తేడా ఉండదు, దాని లైట్ దాంట్లోనే ఉంటుంది కదా అనుకున్నా. 1976 లో అంతర్జాతీయంగా ఒప్పుకున్న ఎల్-ఎ-బి లెక్క ఒకటుంది, ఎల్ అంటే వెలుగు, ఎ అంటే ఎరుపు, బి అంటే పసుపు. ఒకే ఒక్క కాయ మీద, కడుపు దగ్గర ఎరుపు 31 వచ్చింది, ముడత దగ్గర 22, తొడిమ వైపు 19. ఇంకో కాయ పెడితే ఇంకో మూడు నంబర్లు. బయ్యర్లు ఇద్దరూ కలిసి రెండు మాటలే చెప్పారు, ఈ మిషన్ కాయకి మూడు మాటలు చెప్తోంది!

మిషన్ చెడిపోలేదు సార్. అది తయారైంది పెయింట్ వేసిన రేకుకి, గుడ్డకి, కాగితానికి, అంటే చదునుగా ఉండేవాటికి. మన కాయ వంకర, పైగా తేజ తొక్క నిగనిగలాడుద్ది, కాయకీ కాయకీ మధ్య సందులు. వెలుగు ఆ సందులోకి పోయి తిరిగి రాకపోతే మిషన్ దాన్ని సందు అనుకోదు, ముదురు రంగు అనుకుంటుంది. నిగారింపు మీద పడి అద్దంలా తిరిగొచ్చిన తెల్ల వెలుగుని కూడా కలుపుకుంటే రంగు పాలిపోయింది అంటుంది. మిషన్ సరుకుని చూసే కన్నం చిన్నదైతే ఈ తిప్పలు ఇంకా ఎక్కువ, ఏ ముక్క మీద పెట్టావో ఆ ముక్క గురించే చెప్తుంది.

అప్పుడు పద్ధతి మార్చా. పెద్ద కన్నం ఉన్న మిషన్ తీసుకుని, తొడిమలు తీసేసి, గాజు గిన్నెలో అడుగు కనపడకుండా కాయలు నింపి, పైన ప్రతిసారీ అదే బరువు పెట్టి, గిన్నె పావు పావు తిప్పుతూ నాలుగు రీడింగులు తీసి, మొత్తం ఒంపేసి మళ్లీ నింపి, అలా ఐదు సార్లు చేసి యావరేజ్ కట్టా. మర్నాడు అదే కవర్లోంచి వేరే గుప్పిళ్లు తీసి మళ్లీ చేస్తే ఎరుపులో తేడా ఒక నంబర్ కూడా రాలేదు. అవే కాయలు, మారింది పెట్టిన పద్ధతే.

ఇది నేను కనిపెట్టిందేం కాదండి, పత్తిలో ఎప్పట్నుంచో ఉంది. హెచ్‌వీఐ అనే మిషన్ పత్తిని గాజు పలక మీద లెక్క ప్రకారం ఒత్తిపెట్టి, పక్కనుంచి వాలుగా లైట్ వేసి, తెలుపెంత పసుపెంత అని రెండు నంబర్లు ఇస్తుంది. దూదిపింజె కంటే వంకర సరుకు ఏముంటుంది, దానికే కుదిరినప్పుడు మిరపకాయకి ఎందుకు కుదరదు?

ఇంకో చిక్కుంది, ఇది ఆఫీసర్లకి గట్టిగా చెప్పాలి. మిర్చిలో కలర్ అంటే రెండు. ఒకటి పైకి కనపడేది, రెండోది లోపల ఉండేది. ఎక్స్‌పోర్ట్ వాళ్లూ ఓలియోరెసిన్ ఫ్యాక్టరీ వాళ్లూ, అంటే కాయ నుంచి రంగూ ఘాటూ సారంగా తీసేవాళ్లూ, అడిగే ఆస్టా వాల్యూ ఈ రెండోది, అది ఎంత ఎక్కువుంటే లోపల రంగు అంత ఎక్కువ. కారం పొడిని కొన్ని మిల్లీగ్రాములు తూచి, ఎసిటోన్ లో నానబెట్టి, 16 గంటలు చీకట్లో ఉంచి, దిగిన రంగు 460 నానోమీటర్ల దగ్గర ఎంత వెలుగుని మింగుతుందో చూసి, దాన్ని 16.4 తో హెచ్చవేసి బరువుతో భాగిస్తారు. పద్ధతి బంగారం, కానీ ఆ 16 గంటల్లో సరుకు అమ్ముడైపోయి లారీ కూడా ఎక్కేస్తుంది. అందుకని యార్డులో పైరంగే చూస్తారు, పోనీ అదన్నా నిజం చెప్తుందా అంటే కర్ణాటక బ్యాడిగి కాయని చూడండి, ముడతలు ముడతలుగా, కొంచెం నల్లగా, చూపుకి ఏమంత ఉండదు, కానీ ఆస్టా 150 చుట్టుపక్కల ఉంటుంది. మన గుంటూరు సన్నం చక్కగా ఎర్రగా ఉంటుంది, ఆస్టా 30 పైచిలుకు. రకం తెలియని కెమెరా ముందు ఈ రెండూ పోస్తే ఏది బెస్ట్ అంటుందో మీరే ఊహించుకోండి. కాబట్టి తేజకి తేజ లెక్క, 334 రకానికి 334 లెక్క, బ్యాడిగికి బ్యాడిగి లెక్క ఉండాలి. ఆ 334 పుట్టిన లాం ఫారం, అంటే వ్యవసాయ పరిశోధన కేంద్రం, గుంటూరు పక్కనే ఉంది, ఏ రకం కాయ ఎలా ఉండాలో వాళ్లకి తెలిసినంత ఎవరికి తెలుసు, ఆ పని వాళ్లకే అప్పగించండి. నెమ్ము సంగతి కూడా కలపాలి, నెమ్ముగా ఉన్న కాయ ముదురుగా కనపడి మంచి మార్కులు కొట్టేస్తుంది, కల్లంలో గలగలలాడేలా ఎండబెట్టిన రైతుకి తక్కువ పడుద్ది, అది ఇంకా అన్యాయం.

మిషన్ ఎక్కడ పెడతారనేది చిన్న విషయం కాదు. సీజన్ లో మిర్చి యార్డులోకి అడుగు పెడితే తుమ్మకుండా బయటికి వచ్చినవాడు లేడు, ఆ ఘాటు దుమ్ము రెండు రోజుల్లో మిషన్ గాజు మీద పేరుకుంటుంది, తుడవకపోతే అన్నీ ఎర్రగానే చూపిస్తుంది. ఇంకో విచిత్రం చెప్తా, మిషన్ సరిగ్గా ఉందో లేదో చూసే రంగు టైల్స్ ఉంటాయి, వాటిల్లో ఎర్ర టైల్ వేడెక్కితే దాని రంగే కాస్త మారుద్ది. ఏప్రిల్ ఎండకి కాగిపోయే రేకుల షెడ్డులో పెడితే ఒక లెక్క, ఏసీ రూములో పెడితే ఒక లెక్క.

ధాన్యం తేమ మిషన్ల గొడవ మీకు తెలియంది కాదు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం లోపు చూపిస్తే మిల్లు దగ్గర ఇంకోటి చూపించి, రైతు ట్రాక్టర్ తో రోడ్డు మీద రాత్రంతా పడుకున్న రోజులున్నాయి. కాటాకి తూనికలు కొలతల వాళ్ల ముద్ర ఉంటుంది, ముద్ర లేకపోతే రైతు అడగొచ్చు. కలర్ మిషన్ కి ఏ ముద్ర ఉందని అడగాలి? నా అసలు భయం ఇదే సార్. ఇవాళ బయ్యర్ మీడియం అంటే మా నాన్న కాదు బెస్టే అని వాదించొచ్చు, ఇంకొకాయన్ని పిలుచుకురావొచ్చు. మిషన్లోంచి చీటీ వచ్చి 22 అని ప్రింట్ అయితే ఎవరితో వాదిస్తాడు? ఆ 22 ముడత మీద పెట్టి తీసిన 22 అని ఆయనకెలా తెలుస్తుంది?

అందుకే టెండర్ పిలిచే ముందు రెండు పేజీల పద్ధతి తెలుగులో రాయించండి. టిక్కీలో పైనుంచి ఎంత, మధ్యలోంచి ఎంత, అడుగునుంచి ఎంత మచ్చు తీయాలి, గిన్నెలో ఎంత బరువు, ఎన్నిసార్లు ఒంపి నింపాలి, తాలు కాయ, అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ, ముందే ఏరి విడిగా తూచాలా వద్దా, అన్నీ. చీటీ మీద యావరేజ్ ఒక్కటే కాకుండా ఎక్కువలో ఎక్కువ, తక్కువలో తక్కువ కూడా పడాలి, మచ్చులో సగం రైతు ఎదురుగానే కవర్లో సీలు వేసి ఉంచాలి, రైతు ఒప్పుకోకపోతే మర్నాడు ఇంకో మిషన్ మీద చూడాలి. రోజూ పొద్దున టైల్ రీడింగ్ బోర్డు మీద రాస్తే చాలు, మాలో చదువుకున్న పిల్లలు ఉన్నారు, మేమే చూసుకుంటాం. ఈ ఖర్చు మిషన్ ఖర్చు ముందు ఎంతండి?

2025 ఫిబ్రవరిలో మిర్చి రేటు పడిపోయినప్పుడు కేంద్రం రైతుని ఆదుకునే ధర క్వింటాకి 11,781 రూపాయలు అని ప్రకటించింది. అలాంటి రోజుల్లో గ్రేడు ఒక మెట్టు కింద పడితే పోయేది రైతు కూలి డబ్బులే, లాభం అప్పటికే పోయి ఉంటుంది.

ట్రయల్ వేస్తామంటే చెప్పండి. నేను సెలవు పెట్టుకుని వస్తా, పైసా అక్కర్లేదు. నాన్న కోల్డ్ స్టోరేజీలో ఇంకా రెండు టిక్కీలు ఉంచాడు, ఒకటి మీ మిషన్ కి, ఒకటి బయ్యర్ కళ్లకి. నీలం పట్టా మాత్రం తీసేయించండి.

ఇట్లు,
ఒక మిరప రైతు కొడుకు