పక్షవాతం తర్వాత నడక: బయోఫీడ్‌బ్యాక్ గురించీ రాయండి

సంపాదకులకు నమస్కారం.

పక్షవాతంపై పత్రికల్లో వచ్చే వ్యాసాలు ఎక్కువగా లక్షణాలను గుర్తించి రోగిని త్వరగా ఆస్పత్రికి చేర్చడం గురించే చెబుతాయి. ప్రాణం నిలిపే విషయం కనుక అది ఎన్నిసార్లు రాసినా తక్కువే. కానీ గండం గడిచాక నెలల తరబడి సాగే నడక సాధన గురించి, అందులో బయోఫీడ్‌బ్యాక్ (శరీరం చేస్తున్నదాన్ని యంత్రంలో చూసుకుంటూ సరిదిద్దుకునే పద్ధతి) చేయగల సాయం గురించి రాసేవారు అరుదు.

మా నాన్నగారికి ఎడమ పక్క పడిపోయినప్పుడు, ఆ కాలి మీద బరువు మోపమని ఇంటిల్లిపాదీ రోజూ చెప్పేవాళ్లం. మోపుతూనే ఉన్నానని ఆయన నొచ్చుకునేవారు. ఒకరోజు ఫిజియోథెరపిస్టు బరువు చూసుకునే యంత్రాలు రెండు పక్కపక్కన పెట్టి, ఆసరా పట్టుకుని ఒక్కో పాదం ఒక్కోదాని మీద ఉంచమన్నారు. కుడి పక్క ముల్లు 44 కిలోలు చూపింది, ఎడమ పక్కది 17 దగ్గరే ఆగింది. నాన్నగారు ఆ ముల్లునే చూస్తూ, మెల్లగా నడుము జరుపుతూ దాన్ని 25 దాకా తెచ్చారు. ఆయన మా మాట పెడచెవిన పెట్టలేదని, ఆ కాలి కబురే ఆయనకు సరిగా అందడం లేదని మాకు అప్పుడు తెలిసింది.

ఆ అందని కబురును కంటికో చెవికో చేరవేయడమే బయోఫీడ్‌బ్యాక్. పాదం ముందు భాగం లేవక నేలకు రాసుకునేవారికి మోకాలి కింద, ముందువైపు కండరంపై దాని విద్యుత్ సంకేతాలను పట్టే ఎలక్ట్రోడ్లు అంటిస్తే, పాదం కదలనంత చిన్న ప్రయత్నం కూడా తెరపై గీతగానో శబ్దంగానో తెలుస్తుంది. 1975లోనే పరిశోధకుడు జాన్ బస్మాజియన్ బృందం ఇలాంటి రోగులపై దీన్ని మామూలు వ్యాయామంతో పోల్చి, దీన్ని జోడించినవారిలో బలం, కదలిక దాదాపు రెట్టింపు మెరుగయ్యాయని తెలిపింది. వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ కాక్రేన్ 2007 నాటి సమీక్ష మాత్రం కండరాల సంకేతాలతో చేసే పద్ధతికి ఆధారాలు చాలవంది. 2011లో కాళ్ల సాధనకు వాడే వివిధ బయోఫీడ్‌బ్యాక్ పద్ధతులను కలిపి పరిశీలించిన మరో సమీక్ష, మామూలు చికిత్స కంటే ఇవి మేలని తేల్చింది. అధ్యయనాలు చిన్నవే కనుక దీన్ని అద్భుతంగా చూపడం తగదు, అలాగని పక్కన పెట్టేయడమూ న్యాయం కాదు.

ఇది వ్యాయామానికి బదులు కాదు, అందులో ఒక భాగం. సాధన కుదురుకునే కొద్దీ ముల్లు చూడటం తగ్గించాలి, లేకపోతే యంత్రం ఎదుట చక్కగా నిలబడినవారే అది లేనప్పుడు పాత నడకకు మళ్లుతారు. పడిపోయే ప్రమాదం ఉంటుంది కనుక నిపుణులు చూపించకుండా ఇంట్లో ప్రయత్నించకూడదు. ఈ వివరాలన్నీ రోగుల కుటుంబాలకు చేరేలా, అనుభవజ్ఞులైన ఫిజియోథెరపిస్టులతో మీ ఆరోగ్య పేజీలో రాయించవలసిందిగా కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు