వన్‌టౌన్ పాత వీధుల రూపు నిలపండి: నగర ప్రణాళికాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన నగర ప్రణాళికాధికారి గారికి,

రెండుసార్లు అర్జీ పెట్టుకున్నా జవాబు రానందున, నలుగురి ఎదుట ఈ లేఖ రాస్తున్నాను.

విజయవాడ వన్‌టౌన్‌లో మా పక్క పెంకుటిల్లు నిరుడు కూల్చి, వీధి అంచు దాకా నాలుగంతస్తులు లేపి, ముందువైపంతా ఏసీపీ షీట్లు (అల్యూమినియం పూత పలకలు) బిగించారు. పునాది తవ్వకానికి, డంగుసున్నంతో కట్టిన మా ఉమ్మడి గోడ నిలువునా బీటలిచ్చింది. ఎనభై ఏళ్ల మా అమ్మ సాయంత్రాలు ఇరుగుపొరుగుతో కూర్చునే అరుగు మీదికి ఇప్పుడు వాళ్ల ఏసీల వేడిగాలి కొడుతోంది. కొత్త ఇళ్లు వద్దని నేననడం లేదు. కారే పెంకుల కింద వానాకాలం గడపడం ఎంత కష్టమో నాకూ తెలుసు.

2010లో సవరించిన పురాతన కట్టడాల చట్టం, కేంద్ర రక్షణలోని కట్టడం చుట్టూ 100 మీటర్ల మేర నిర్మాణాలను నిషేధించి, ఆపై మరో 200 మీటర్లలో నియంత్రిస్తుంది గానీ, ఆ జాబితాకెక్కని మామూలు వీధికి అక్కరకు రాదు. హైదరాబాద్‌లో 1995లోనే వారసత్వ కట్టడాలకు ప్రత్యేక నిబంధన తెచ్చారు (తర్వాత రద్దు చేసుకున్నారు, అది వేరే బాధ).

కాబట్టి వన్‌టౌన్ పాత వీధుల్లో భవనాల ఎత్తు, ముందుభాగపు వరుస, అరుగులు, వాడే సామగ్రిపై డిజైన్ ప్రమాణాల ముసాయిదా తయారుచేసి, అభ్యంతరాలకు గడువిచ్చి ప్రజల ముందుంచాలని, అప్పటివరకు పక్క గోడల భద్రతను పరిశీలించకుండా ఏ కూల్చివేతకూ అనుమతి ఇవ్వరాదని కోరుతున్నాను.

భవదీయుడు,
వన్‌టౌన్ నివాసి