వార్షిక నివేదిక: లియామ్ మిల్లర్ పేరున మన పిల్లలు ఆడిన ఆదివారం

గౌరవ సభ్యులకు నమస్కారం.

గత ఉగాది నుంచి ఈ ఉగాది వరకు ఐర్లండ్‌లోని కార్క్‌లో మన తెలుగు సంఘం చేసిన పనుల వివరాలను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. సంఘం ఆశయాలు అందరికీ తెలిసినవే కనుక నేరుగా విషయానికి వస్తాను.

ఉగాది, బతుకమ్మ, దీపావళి, సంక్రాంతి ఎప్పటిలాగే జరిగాయి. వేపపువ్వు ఎండబెట్టి ఊరి నుంచి తెచ్చిన సోదరికి, ఇక్కడ దొరికిన పూలతోనే బతుకమ్మ పేర్చిన అక్కచెల్లెళ్లకు, రెండు వందల మందికి పులిహోర కలిపి చివర్లో తాము తినడం మరిచిపోయిన వంట బృందానికి కృతజ్ఞతలు. ఆదివారం తెలుగు బడి ఒక్క వారం కూడా ఆగలేదు. ఆ గురువులకు సంఘం ఏమిచ్చినా తక్కువే.

ఈ ఏడాది నేను గర్వంగా చెప్పుకోదలచినది సెప్టెంబరులో జరిపిన పిల్లల ఫుట్‌బాల్ పోటీ. దాన్ని కార్క్‌కు చెందిన, దివంగత ఫుట్‌బాల్ ఆటగాడు లియామ్ మిల్లర్ జ్ఞాపకార్థం జరుపుదామని కమిటీలో ప్రతిపాదించినప్పుడు, ‘మనకూ ఆయనకూ ఏమిటి సంబంధం?’ అని ఇద్దరు ముగ్గురు అడిగారు. అడగడం తప్పు కాదు. జవాబు అందరికీ తెలియాలని ఇక్కడ రాస్తున్నాను.

మన పిల్లలు శనివారాలు బూట్లు కట్టుకుని వెళ్లే దారిలోనే ఆయనా పెరిగారు. 1981 ఫిబ్రవరి 13న పుట్టారు. ఓవెన్స్‌లో ఏరా ఓగ్ క్లబ్బు తరఫున గేలిక్ ఆటలు (ఐర్లండ్ సంప్రదాయ క్రీడలు), పక్కనే బాలింకాలిగ్ క్లబ్బు తరఫున ఫుట్‌బాల్ ఆడారు. కుర్రవాడిగా ఉండగానే గ్లాస్గోలోని సెల్టిక్ క్లబ్బులో చేరారు. 2003లో ఐరోపా అగ్ర క్లబ్బుల పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్‌లో లియోన్ మీద, అండర్లెక్ట్ మీద గోల్స్ కొట్టేసరికి పెద్ద క్లబ్బుల చూపు ఆయన మీద పడింది. మరుసటి ఏడాదే మాంచెస్టర్ యునైటెడ్. అక్కడ ఆడింది 22 మ్యాచ్‌లే. ఆ ఒక్క అంకె చూసి ఆయన ఆట జీవితాన్ని తేల్చేసేవారు ఉన్నారు. నేను ఒప్పుకోను. లీడ్స్‌లో కొంతకాలం ఆడి, 2006లో సండర్లండ్‌కు వెళ్లారు. అప్పుడు అక్కడి మేనేజర్ రాయ్ కీన్, ఆయనా కార్క్ బిడ్డే. ఆ సీజన్‌లోనే సండర్లండ్ రెండో శ్రేణి లీగ్ గెలిచి ప్రీమియర్ లీగ్‌కు చేరింది. ఐర్లండ్ దేశం తరఫున మిల్లర్ 21 మ్యాచ్‌లు ఆడారు. 2006లో స్వీడన్ మీద ఒక గోల్ కొట్టారు. తర్వాత ఎడిన్‌బరోలో హిబర్నియన్, ఆస్ట్రేలియాలో పెర్త్, బ్రిస్బేన్, మెల్‌బోర్న్. 2015లో సొంత ఊరికి వచ్చి కార్క్ సిటీకి ఆడారు. పొట్టకూటికి దేశాలు తిరిగి, ఊరి మీద బెంగతో తిరిగి వచ్చే మనుషులు మనకు కొత్తా?

తర్వాత అమెరికాలో ఆడారు. 2017 నవంబరులో క్లోమగ్రంథి క్యాన్సర్ అని తేలింది. 2018 ఫిబ్రవరి 9న, 37వ పుట్టినరోజుకు నాలుగు రోజుల ముందు, భార్యను, ముగ్గురు పిల్లలను వదిలి వెళ్లిపోయారు.

ఆ కుటుంబానికి అండగా ఒక మ్యాచ్ ఆడాలని స్నేహితులు తలపెట్టారు. కార్క్‌లోని టర్నర్స్ క్రాస్ ఫుట్‌బాల్ మైదానంలో పట్టేది ఏడు వేల మందికి. టికెట్లు నిమిషాల్లో అయిపోయాయి. ఊరిలోనే 45 వేల మంది పట్టే పార్క్ ఈ క్వీవ్ ఉంది. అయితే అది గేలిక్ క్రీడా సంఘానిది, వాళ్ల మైదానాల్లో ఫుట్‌బాల్ ఆడకూడదన్నది పాత నియమం. ఫుట్‌బాల్‌ను బ్రిటిష్ వారి ఆటగా చూసిన ఆ పాలన నాటి గాయాలతో ముడిపడిన నియమం అది, దాని వెనుక ఉన్న అభిమానాన్ని నేను తక్కువ చేయను. మొదట కుదరదన్నారు. ప్రభుత్వ సొమ్ముతో కూడా కట్టిన మైదానం కదా అని జనం గట్టిగా అడిగారు. చివరికి తలుపులు తెరిచారు. 2018 సెప్టెంబరు 25న ఆ మైదానం నిండిపోయింది. ఆ రాత్రి అక్కడ ఉన్న మన సభ్యులు ఇద్దరు నాకు ఆ సంగతి చెప్పినప్పుడే ఈ పోటీ ఆలోచన పుట్టింది.

మన పోటీకి ఆరు జట్లు వచ్చాయి. మూడు జట్లలో మన పిల్లలూ ఇక్కడి పిల్లలూ కలిసి ఆడారు. మధ్యాహ్నం సభ్యుల్లోని ఇద్దరు వైద్యులు ఈ జబ్బు గురించి తెలుగులో మాట్లాడారు. క్లోమం పొట్ట వెనుక, వెన్నుకు దగ్గరగా దాగి ఉంటుంది కనుక చాలాసార్లు జబ్బు ముదిరాక గానీ బయటపడదని చెప్పారు. కారణం లేకుండా బరువు తగ్గడం, కళ్లు పచ్చబడటం, పైకడుపులో మొదలై వీపులోకి పాకే నొప్పి, పెద్ద వయసులో హఠాత్తుగా మధుమేహం కనిపిస్తే గ్యాస్ మాత్రలతో నెట్టుకురావద్దన్నారు. ఇంటికి ఫోను చేసి అమ్మానాన్నలకు కూడా ఈ మాట చెప్పమన్నారు. తండ్రిని ఇదే జబ్బుతో పోగొట్టుకున్న ఒక సభ్యుడు మైకు అందుకుని రెండు మాటలే మాట్లాడి కూర్చున్నారు. చందాలను రోగుల చివరి రోజుల్లో సేవ చేసే ఇక్కడి హాస్పిస్‌కు అందజేశాం.

ఇక బాధతో రాయవలసినది. ఆ ఉదయం సాయానికి వస్తామని వాట్సాప్‌లో 23 మంది పేర్లు ఇచ్చారు. ఎనిమిది గంటలకు వానలో మైదానానికి వచ్చినవారు ఐదుగురు. గోల్ వలలు కట్టింది, గీతలు గీసింది, చెత్త ఎత్తింది ఆ ఐదుగురే. రాలేనివారు ముందురోజు ఒక్క మాట చెబితే చాలు. తొమ్మిదిన్నరకు వచ్చి ‘ఇంకా మొదలుపెట్టలేదా?’ అని అడిగినవారి మాట నా చెవిలో ఇంకా ఉంది. హాలు అద్దె రాయితీ కోసం ఒక కార్యాలయానికి నాలుగు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. పూర్తి అద్దె కట్టాం.

జమాఖర్చుల పట్టికను కోశాధికారిగారు జతపరిచారు. లెక్కలు సరిచూడటం పూర్తయింది. కొద్దిపాటి మిగులు ఉంది. సందేహాలుంటే సమావేశంలో వారినే అడగగలరు.

మైదానం ఇచ్చిన క్లబ్బు వారికి, రెఫరీలుగా నిలబడిన ముగ్గురు ఐరిష్ మిత్రులకు, సమోసాలు పంపిన దుకాణదారుకు, ఇన్ని ఆదివారాలు నన్ను సంఘానికి వదిలిపెట్టిన నా ఇంటివారికి ధన్యవాదాలు.

వచ్చే సెప్టెంబరుకు మైదానం ఇప్పుడే అడిగి ఉంచాను. గోల్ వలలు, శంకువులు, ఉతికిన చొక్కాలు రెండు పెట్టెల్లో మా ఇంట్లో ఉన్నాయి, కొత్త కార్యదర్శికి అప్పగిస్తాను. చిన్న సైజు పచ్చ చొక్కాలు మూడు తిరిగి రాలేదు. ఎవరి ఇంట ఉన్నా సమావేశానికి తెచ్చి ఇవ్వవలసిందిగా మనవి.

ఇట్లు,
కార్యదర్శి