కుందేలుకి తగ్గింది సరే, మనిషి సంగతో?

ఎడిటర్ గారికి,

బీపీ మాత్రతో రక్తనాళాలు క్లీన్ అయిపోతాయన్నట్టు మీ హెల్త్ పేజీలో హెడ్డింగ్ పెట్టారు, అది చూసి పొద్దున్నే మా బాబాయి ఫోను, నేను వేసుకునేది ఆ రకందేనా కాకపోతే మార్పించుకుంటా అని. తీరా మొత్తం చదివితే ప్రయోగం చేసింది కుందేళ్ల మీదంట, ఆ ముక్క ఆఖరి పేరాలో ఉంది!

కుందేలు గడ్డి తిని బతికే జీవి. 1913లో రష్యాలో అనిచ్‌కోవ్ అనే ఆయన దానికి కొలెస్ట్రాల్ మేపి నాళాల్లో కొవ్వు పేరుకునేలా చేశాడు, అప్పట్నుంచి ల్యాబుల్లో ఇదే పద్ధతి. మనకి దశాబ్దాలు పట్టే జబ్బుని దానికి కొన్ని వారాల్లోనే తెప్పిస్తారు. 1981లో అలాంటి కుందేళ్లకే నిఫెడిపిన్ అనే బీపీ మందు ఇస్తే రక్తంలో కొలెస్ట్రాల్ అలాగే ఉన్నా గుండె నుంచి వచ్చే పెద్ద నాళంలో పూడిక బాగా తగ్గింది, ఇది నిజమే, నేను కాదనట్లేదు, అందరికీ ఆశ పుట్టింది కూడా అందుకే.

మరి మనుషుల్లో? 1990లో ఇంటాక్ట్ అనే ట్రయల్ (మనుషుల మీద మందు పరీక్ష) రిజల్ట్ వచ్చింది, అదే మందు మూడేళ్లు వాడితే గుండె నాళాల్లో కొత్త పూడికలు కొంచెం తక్కువ వచ్చాయి గానీ పాతవి మాత్రం కదల్లేదు. తర్వాత 2000లో అదే రకం బీపీ మందు అమ్లోడిపిన్ మీద ప్రివెంట్ అని ఇంకో ట్రయల్, 825 మంది, మూడేళ్లు, గుండె నాళాలు సన్నబడటంలో తేడా ఏం లేదు, మెడ దగ్గర నాళం గోడ మందమవడం మాత్రం నెమ్మదించింది. అంటే అసలు పనిచేయదని కాదు, కుందేల్లో చేసినంత చేయలేదని.

ఇంతకీ బీపీ మాత్ర వల్ల పెద్ద లాభం బీపీ తగ్గడమే కదా, పక్షవాతం, గుండె జబ్బు తగ్గేది దాంతోనే. 2002లో ఆల్‌హాట్ అని 33 వేల మందికి పైగా మీద మూడు రకాల బీపీ మందులు పోల్చి చూశారు, గుండెపోటు విషయంలో మూడూ ఇంచుమించు ఒకటే అని తేలింది (నీరు తీసే పాత మాత్ర కూడా అందులో ఒకటి, దాన్ని ఎవడూ హెడ్డింగ్‌లో పెట్టడు).

జంతువుల మీద ప్రయోగాల వార్తలు వేయొద్దని అనట్లేదండి, "కుందేళ్లలో" అన్న ఒక్క మాట హెడ్డింగ్‌లో పెట్టండి చాలు. బాబాయి డాక్టర్‌ని అడక్కుండా మాత్ర మార్చనని ఒప్పుకున్నాడు, మీ పేపర్ కటింగ్ మాత్రం పర్సులో దాచుకున్నాడు.

ఇట్లు,
మీ పాఠకుడు