దెయ్యానికి లేని అడ్డు కాలేజీ కుర్రాళ్లకేనా?

సినిమాలకు సర్టిఫికెట్లిచ్చే బోర్డు అధ్యక్షులవారికి,

నమస్కారాలు. ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి రెండింటికి జవాబు లేదు. మూడోది ఆన్‌లైన్‌లో పెడితే పదకొండో రోజున ‘పరిష్కరించబడింది’ అని మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో చెబితే మా ఇంట్లో కూడా చెబుతాను. మా చిన్నది ఇప్పటికీ రాత్రిపూట లైటు ఆర్పనివ్వడం లేదు.

మా వాడికి ఇంటర్ పరీక్షలైపోయాయని అందరం కలిసి ఒక కాలేజీ కామెడీకి బయల్దేరాం. టికెట్లు తీసేటప్పుడు ‘ఏ’ అన్న అక్షరం చూసుకోలేదు, ఒప్పుకుంటాను. గేటు దగ్గర మా వాణ్ణి ఆపేశారు. పద్దెనిమిదికి ఇంకా నాలుగు నెలలు తక్కువ. ఆపిన కుర్రాణ్ణి ఏమీ అనను, చట్టమే అది. వచ్చినవాళ్లం వచ్చాం కదా అని పక్క స్క్రీన్‌లో దెయ్యం సినిమాకి టికెట్లు తీసుకున్నాం. దానికి యూఏ 13 ప్లస్. మా చిన్నదానికి ఎనిమిదేళ్లు. నవ్వుతూ లోపలికి పంపారు. దెయ్యం సినిమా అంటే మనకి సగం కామెడీయే కదా అన్న ధీమా నాది.

అది కామెడీ కాదండీ. నిజం చెప్పాలంటే మంచి సినిమా. అదే అసలు బాధ. తీసినవాడికి పని తెలుసు. మొదటి అరగంట దెయ్యం ఊసే లేదు. ఫ్యాను తిరిగే చప్పుడు, కుళాయి నుంచి చుక్క చుక్కగా నీళ్లు, ఉన్నట్టుండి రెండూ ఆగిపోవడం. ఆ తర్వాత మంచం కింద నుంచి తల్లి గొంతుతో ఎవరో బిడ్డని పిలుస్తారు. తల్లేమో ఎదురుగా వంటింట్లో ఉంటుంది. నాకే ఒళ్లు జలదరించింది.

నేను మెచ్చుకున్న ఆ సీనే మా ఇంటికి చుట్టుకుంది. మూడు వారాలు ఆ పిల్ల రాత్రిపూట మంచం మీంచి కాలు కింద పెట్టలేదు. బాత్రూంకి ఎత్తుకునే తీసుకెళ్లాం. వంటింట్లోంచి వాళ్లమ్మ పిలిస్తే పలకదు. మెల్లగా వెళ్లి, తలుపు చాటు నుంచి తొంగి చూసి, అమ్మేనని తేల్చుకున్నాక అప్పుడు ‘ఆఁ’ అంటుంది. ఒకరోజు ఆఫీసు నుంచి వస్తే గుమ్మంలోనే ఆపి అడిగింది, “నువ్వు నాన్నవేనా?” అని.

మీరనబోయేది నాకు తెలుసు. యూఏ పక్కన ఉండే అంకె తల్లిదండ్రులు చూసుకోవడానికే తప్ప హాలువాళ్లు ఆపడానికి కాదు. 2023లో చట్టం మార్చి యూఏని 7, 13, 16గా విడగొట్టినప్పుడే ఆ సంగతి రాసిపెట్టారు. తప్పు నాదే, సరే. కానీ చూసుకోవడానికి నాకు కనిపించింది ఒక్క అంకె. ఆ పదమూడు దేనికి? బూతుకా, రక్తానికా, భయానికా? ఇంట్లో ఓటీటీలో అయితే వయసు పక్కన కారణం కూడా వేస్తారు. ఆ సినిమాలోనే మంత్రగాడు చుట్ట వెలిగించగానే తెర కింద ఆరోగ్య హెచ్చరిక పడింది. వాడి వెనకాల వేలాడుతున్న శవం గురించి ఎవరూ హెచ్చరించలేదు.

ఇంతకీ మా వాణ్ణి ఏ ఘోరం నుంచి కాపాడారో చూద్దామని తర్వాతి వారం ఒక్కణ్ణే ఆ కామెడీకి వెళ్లాను. గొప్ప సినిమా ఏం కాదు. సెకండాఫ్ సాగదీశారు, లెక్చరర్ మీద జోకులన్నీ పాతవే. కానీ ఫోన్లో చూసిన చెత్తంతా నిజమనుకునే కుర్రాడికి ఒక సీనియర్ అమ్మాయి చీవాట్లు పెట్టే సీనుంది. పది నిమిషాలు. మా వాడికి నేను చెప్పాలనుకుని చెప్పలేక మింగేసిన మాటలన్నీ అందులో ఉన్నాయి. అది చూడాల్సినవాడు గేటు బయటే ఆగిపోయాడు.

ఇంకో సీనులో కుర్రాడు మెడికల్ షాపుకి వెళ్లి గొంతు తగ్గించి ఏదో అడుగుతాడు. అక్కడ మ్యూట్. హాలు ఊరుకుంటుందా? వెనక వరసలవాళ్లు ఆ ఖాళీలో తలో మాటా అరిచారు, ఒకదాన్ని మించి ఒకటి పచ్చిగా. వాడు అడిగింది నిరోధ్ లాంటిదే అయ్యుండాలి. ఒకప్పుడు ప్రభుత్వమే గోడల మీద రాయించిన మాట! అయినా ‘ఏ’ ఇచ్చాక మళ్లీ మ్యూట్ ఎవరి కోసమండీ? లోపలున్నవాళ్లంతా ఓటు హక్కున్నవాళ్లే కదా?

సర్టిఫికెట్ నచ్చకపోతే నిర్మాతకి సినిమాని మళ్లీ చూసే రివైజింగ్ కమిటీ ఉంది, హైకోర్టు ఉంది. చూసేవాడికి ఏముంది? మీకు ఇలా చేయండని చెప్పేంతవాణ్ణి కాను. అంకె పక్కన కారణం పెద్ద అక్షరాల్లో వేయించండి. మాటని చూసి భయపడ్డంతగా భయాన్ని చూసి కూడా కాస్త భయపడండి. దండం పెట్టి అడుగుతున్నాను, ఏదో ఒకటి చేయండి.

మా వాడికి పద్దెనిమిది నిండేసరికి ఆ సినిమా హాల్లో ఉండదు. టీవీకి వచ్చేటప్పటికి ఆ పది నిమిషాలు మిగులుతాయో లేదో.

ఈ ఉత్తరం కూడా ‘పరిష్కరించబడింది’ అని మెసేజ్ పంపేట్టయితే దయచేసి పగటిపూట పంపండి. రాత్రి ఫోన్ మోగితే పిల్ల ఉలిక్కిపడుతోంది.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తండ్రి, ఒక మామూలు ప్రేక్షకుడు