వలస కూలీ విగ్రహం మూసలో పోసింది కావద్దు

సంపాదకులకు,

మా పట్టణ కూడలిలో వలస కూలీ విగ్రహం పెట్టాలన్న మాట ఈ మధ్య గట్టిగా వినబడుతోంది. పాలమూరులో ఎప్పుడో జరగాల్సిన పని ఇది. నాగార్జునసాగర్ మొదలు ఎన్ని డ్యాములకు, కాలువలకు, రోడ్లకు మనవాళ్లు మట్టి మోశారో! కానీ అనుకుంటున్న నమూనా చూస్తే మనసు చివుక్కుమంది. కండలు తిరిగిన మగమనిషి నిటారుగా నిలబడి ఉన్నాడు. భుజాన పార, ఒళ్లంతా బంగారు రంగు. విగ్రహాల షెడ్లలో ఇలాంటి మొండేలు వరసగా పెట్టి ఉంటాయి. తల మారిస్తే నాయకుడు, పార తగిలిస్తే కూలీ.

మట్టిపని దగ్గరగా చూసినవారికి ఆ ఒళ్లు ఎట్లుంటదో తెలుసు. తలమీద చుట్టబట్ట, బరువుకు బిగుసుకున్న మెడ, ఒక చేయి తట్ట అంచున, ఇంకో చేయి నడుం మీద. తట్ట ఒకరి చేతిలోంచి ఇంకొకరికి అందుతూ పోతుంది. పక్కన చెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలో పసిబిడ్డ. పనిలో ఆడవాళ్లు మగవాళ్లకు ఏమీ తీసిపోరు, ఆ నమూనాలో మాత్రం ఒక్క ఆడమనిషి లేదు.

శాంతినికేతన్‌లో శిల్పి రామ్‌కింకర్ బైజ్ 1938లో చేసిన 'సంతాల్ కుటుంబం' (సంతాల్‌లు ఒక గిరిజన తెగ) అనే శిల్పం ఫొటో అయినా మన పెద్దలు చూడాలి. కావడి మోస్తున్న తండ్రి, బుట్టలో బిడ్డ, పక్కన భార్య, వెంట కుక్క. ఉన్న కాస్త సామానుతో బతుకుదెరువుకు పోతున్న కుటుంబం, అచ్చం మన ఊళ్ల నుంచి పోయినట్టే. పాలరాయి లేదు, కంచు లేదు. సిమెంటులో అక్కడి ఎర్ర కంకర కలిపి చేశాడాయన. నునుపు చేయని ఆ గరుకుదనంలోనే నడక కనబడుతుంది.

'మోడర్న్ ఆర్టు జనానికి ఎక్కదు, మనిషి మనిషిలాగే ఉండాలి' అనేవారు అలంపూర్ మ్యూజియంలో లజ్జాగౌరి అనే దేవత శిల్పం ముందు కాసేపు నిలబడాలి. ప్రసవ భంగిమలో స్త్రీ దేహం, తల ఉండాల్సిన చోట విప్పారిన తామర. వెయ్యేళ్లకు ముందే ఒక శిల్పి అట్లా ఊహిస్తే జనం దేవతగా కొలిచారు. ఇప్పటి జనాన్ని తక్కువ అంచనా వేయడం ఎందుకు?

ఇలాంటి విగ్రహాలకు వాడే ఫైబర్‌నో బంగారు రంగునో నేను తప్పు పట్టడం లేదు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో శిల్పం నేర్పిన జి. రవీందర్ రెడ్డి అవే వాడి, కొప్పులో పూలు, రెప్ప వేయని కళ్లతో మామూలు తెలుగు ఆడవాళ్ల తలలను మనిషి ఎత్తును మించి నిలబెట్టారు. చూసే కన్ను ఉండాలి, అంతే.

కాబట్టి ఆర్డరు ఇచ్చే ముందు శిల్పులను పిలవండి. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో శిల్పం చదివిన పిల్లలు ఉన్నారు, వాళ్లనూ అడగండి. వచ్చిన మట్టి నమూనాలను టౌన్‌హాల్లోనో బడిలోనో పెట్టండి. పీర్ల పండుగకు, దసరాకు వలస పోయినవాళ్లు ఇళ్లకు వస్తారు. తట్ట మోసిన ఆడవాళ్లను ముందు పిలిచి చూపించండి. ఏది తమలా ఉందో వాళ్లు చెప్పాకే పునాది తవ్వండి.

ఒక విశ్రాంత డ్రాయింగ్ ఉపాధ్యాయుడు,
మహబూబ్‌నగర్ జిల్లా