నచ్చింది సరే, ఏ పుటలో?

సంపాదకులకు నమస్కారం.

ఇటీవల చదివిన పుస్తకాల మీద పాఠకులు రాసే స్పందనల్లోంచి 'ఏకబిగిన చదివించింది', 'గుండెను తడిమింది', 'అందరూ చదవాల్సిన పుస్తకం' అన్న మాటలు తీసేస్తే చాలాసార్లు మిగిలేది కథాసారాంశమే. అది వెనక అట్ట మీద ఎలాగూ ఉంటుంది. పుస్తకం తనను ఎక్కడ పట్టుకుందో, ఎక్కడ వదిలేసిందో చెప్పగలిగేది చదివిన మనిషి ఒక్కరే. ఆ ముక్కే కనబడదు.

రాయడం రాక కాదు, చదివేటప్పుడు ఆనవాలు పెట్టుకోక వచ్చే చిక్కు ఇది. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ 1885లో ప్రచురించిన ప్రయోగాల్లో, బట్టీ పట్టిన అర్థంలేని అక్షరాలు ఒక్కరోజులోనే దాదాపు మూడింట రెండు వంతులు చెరిగిపోయాయి. నవలకు అర్థం ఉంది కనుక అంతగా జారిపోదు. అయితే ముందు పోయేవి వాక్యాలు. వారం తర్వాత రాయబోతే కథ ఒక్కటే చేతికొస్తుంది.

పెన్సిల్ చాలు. ఆగిన చోట పక్కన చుక్క పెట్టి, చివరి ఖాళీ కాగితం మీద పుట సంఖ్య, రెండు మాటలు వేసుకోవాలి: '87 – తల్లి అబద్ధం, నమ్మబుద్ధి కాలేదు'. 200 పుటల నవలకు పది పదిహేను ఆనవాళ్లు దాటితే ఏరుకోవడం మానేసి గీతలు గీస్తున్నట్టే. మార్కరయితే పల్చటి కాగితంలోంచి వెనక పుటకు దిగుతుంది. అరువు పుస్తకమైతే చీటీలు మేలు. ముందుమాట ఆఖర్న చదవాలి. మొదటే చదివితే దాన్ని రాసినవారి అభిప్రాయం మనదై కూర్చుంటుంది, మనకు తెలియను కూడా తెలియదు!

పూర్తయ్యాక రెండు రోజులు ఆగి, పుస్తకం తెరవకుండా ఒకసారి రాసి, తర్వాత ఆ ఆనవాళ్లతో సరిచూసుకోవాలి. ఉటంకింపులను అక్షరం అక్షరం పోల్చుకోవాలి. కవితలో పాదం విరుపు మారినా అది వేరే కవితే. కథల సంపుటిలో ఉన్న పదిహేను కథలకూ తలా ఒక విశేషణం పంచిపెట్టేకన్నా, వెంటాడిన కథ ఒకటి, బెడిసికొట్టిన కథ ఒకటి తీసుకుంటే పుస్తకం తెలుస్తుంది. అనువాదంలో వాక్యం బిగుసుకుపోయిందంటే తప్పు ఎవరిదో మూలంతో పోల్చనిదే తేలదు. మూల రచయిత మీద తోసేయకుండా 'ఈ అనువాదంలో' అని రాయడం న్యాయం.

ఇక మీవైపు నుంచి. పునర్ముద్రణల్లో పుటలు మారిపోతాయి కాబట్టి ప్రతి స్పందన పైనా రచయిత, అనువాదకుల పేర్లు, ముద్రణ సంవత్సరం, పుస్తకాన్ని గుర్తుపట్టే సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్ వేయండి. గట్టి అట్ట ప్రతికీ మెత్తటి అట్ట ప్రతికీ ఆ సంఖ్య వేరుగా ఉంటుంది. 2007 నుంచి అది 13 అంకెలు. కథ చెప్పడం మూడు వాక్యాలు దాటితే కత్తిరించండి. ఒక్క పుట సంఖ్య కూడా లేని స్పందనను, ఎంత అందంగా ఉన్నా, రాసినవారికే తిప్పి పంపండి.

– ఒక పాఠకుడు